బిజినెస్ ఎడ్యుకేషన్ అంటే ఎంబీఏ కాదని తెలిసేసరికి

ఫ్యాక్టరీ గోడల మీద అంటించే ‘జాగ్రత్త’ పోస్టర్లకీ పత్రికల్లో వచ్చే సబ్బుల ప్రకటనలకీ ఉన్న చుట్టరికం మీద నా పీహెచ్‌డీ. దానికోసం భద్రత, ప్రకటనలు, బిజినెస్ ఎడ్యుకేషన్ మీద 1940లు, 50లలో అమెరికా యూనివర్సిటీల్లో రాసిన మాస్టర్స్ థీసిస్‌లు కావలసివచ్చాయి. కేటలాగులో కొడితే వచ్చేస్తాయనుకున్నాను. రెండు నెలలు పోయాయి.

నేను వెతికింది ‘వర్క్‌ప్లేస్ సేఫ్టీ’ అని. ఆ రోజుల్లో అలా ఎవరంటారు! ‘యాక్సిడెంట్ ప్రివెన్షన్’ అని కొట్టి చూడమ్మా అంది లైబ్రరీలో ఒక పెద్దావిడ. బిజినెస్ ఎడ్యుకేషన్ అంటే ఎంబీఏ కూడా కాదట. హైస్కూల్లో నేర్పే టైపు, షార్ట్‌హ్యాండ్, పద్దులు. అవి ఉన్నది కామర్స్‌లో కాదు, ఎడ్యుకేషన్ విభాగంలో. ప్రకటనల మీద రాసినవి కొన్ని జర్నలిజంలో, కొన్ని సైకాలజీలో దొరికాయి.

వేరే ఊరి లైబ్రరీ నుంచి అరువు తెప్పించుకుందామని ఇంటర్‌లైబ్రరీ లోన్ పెడితే ఒకచోట ‘ఉన్నది ఒకటే ప్రతి, పంపం’ అన్నారు. ఇంకోచోట స్కాన్ చేసి పంపారు గానీ పట్టికలన్నీ సగానికి తెగిపోయాయి. మళ్ళీ అడిగితే ఉలుకూ పలుకూ లేదు. యాన్ ఆర్బర్‌లో 1938లో మొదలైన యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ అనే కంపెనీ వాళ్ళు ఎక్కువగా డాక్టరేట్లనే ఫిల్ముకెక్కించారు. మాస్టర్స్‌వి చాలామటుకు రాసిన ఊళ్ళోనే ఉండిపోయాయి. ఇక బస్సెక్కాను.

సంచీ లాకర్లో పెట్టాలి, పెన్ను నిషేధం, పెన్సిలే. బల్ల మీదికి వచ్చింది కార్బన్ కాపీ. ఉల్లిపొర లాంటి కాగితం. టైపు మిషన్ ‘ఓ’ అక్షరం కొట్టినచోటల్లా చిన్న చిల్లు. గ్రాఫులు ఇంకుతో, చేత్తో గీసినవి. మాజీ సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకున్న 1944 నాటి జీఐ బిల్లు పుణ్యమా అని యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు కాలేజీలు నింపేసిన కాలం; బడిపంతుళ్ళేమో వేసవి సెలవుల్లో మాస్టర్స్ చేసేవారు. టైపు నేర్పడం గురించి రాసిన ఒక పెద్దమనిషి, దాన్నంతా టైపు చేసిపెట్టిన భార్యకు చివర్లో కృతజ్ఞతలు చెప్పాడు. నవ్వొచ్చింది. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు.

భద్రత మీది థీసిస్ తెరవగానే హైన్రిచ్ లెక్క. ట్రావెలర్స్ బీమా కంపెనీ ఉద్యోగి ఆయన. 1931లో వేసిన పుస్తకంలో అంటాడు: ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, దెబ్బ తగలకుండా తప్పిపోయినవి 300. ప్రమాదాల్లో 88 శాతం మనుషుల పొరపాటు వల్లేనని కూడా తేల్చాడు. యంత్రాలకు కంచె వేయమని ఆయనే చెప్పినా, చదివినవాళ్ళకు 88 ఒక్కటే పట్టుబడింది. తప్పు పనివాడిదే అనుకున్నాక, యంత్రానికి కంచె వేయడం కన్నా గోడకు పోస్టరు అంటించడమే చవక. దాదాపు అన్ని కంపెనీలకూ వర్తించే కేంద్ర భద్రతా చట్టం అమెరికాలో 1970లో గానీ రాలేదు. నాకు కావలసిన ముడి ఆ పేజీలోనే దొరికింది; మూడు గంటలు కదల్లేదు.

రాత్రి నాన్నకు ఫోన్ చేసి, టైపు పాఠాల మీద కూడా థీసిస్‌లున్నాయని చెప్పాను. ఆయన తెనాలిలో టైపు హయ్యర్ పాసయ్యారు.

“మొదటి పాఠం ఏం రాశారమ్మా? ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ యేనా?”

నేను జవాబిచ్చేలోపే “సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె” అందుకున్నారు. అవతల బల్ల మీద వేళ్ళు కొడుతున్న చప్పుడు.