కాగితం నెగెటివ్ నుంచి పెద్ద ప్రింట్: నా అనుభవం

హైదరాబాద్ చిక్కడపల్లిలో మామయ్య కిరాణా కొట్టుని బాక్స్ కెమెరాలో తీశాను, ఫిల్మ్‌ బదులు ఫోటో పేపర్ పెట్టి. అలా వచ్చిన నెగెటివ్ (నలుపు తెలుపులు తారుమారైన బొమ్మ) 4×5 అంగుళాలు. దాన్ని 8×10 చేసి మామయ్యకు ఇవ్వాలని నా కోరిక.

మామూలుగా నెగెటివ్ వెనక నుంచి లైటు పంపుతాం కదా, కాగితంతో ఆ పని చేస్తే పీచు మరకలు, వెనక అచ్చేసిన కంపెనీ అక్షరాలు అన్నీ ప్రింట్‌లోకి వచ్చేశాయి. అందుకని ముందు నుంచి లైటు కొట్టి, నెగెటివ్ మీద పడి తిరిగొచ్చే వెలుగునే లెన్స్‌తో పేపర్ మీదికి పంపుదామనుకున్నాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ప్రొజెక్టర్ లెన్స్ ఒకటి దొరికింది, 150 మి.మీ., ఎఫ్ 3.5 (ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోంచి వెలుగు వచ్చే రంధ్రం చిన్నదని అర్థం). లోపల నల్ల రంగేసిన ప్లైవుడ్ పెట్టె, రెండు పక్కలా 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు. రెండింతలు చేయాలంటే లెన్స్ నుంచి నెగెటివ్ 22.5 సెం.మీ., ప్రింట్ పేపర్ 45 సెం.మీ. దూరంలో ఉండాలి, అటూ ఇటూ కొంచెం జరిపి ఫోకస్ చూసుకోవాలి.

మొదటి ప్రింట్‌లో కొట్టు షట్టర్ మీద అరచేయంత నల్ల మచ్చ. ఎందుకో అర్థం కాక చాలా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే గ్లాసీ నెగెటివ్ మీద బల్బు మెరుపు అది. వెలుగు ఎక్కువ పడ్డచోట ప్రింట్ నల్లబడుతుంది కదా. బల్బుల్ని బాగా పక్కకి, 45 డిగ్రీలకి తిప్పాక పోయింది.

అసలు ఇబ్బంది మూలలు. దూరంగా ఉన్న తెర కోసం చేసిన లెన్స్ కాబట్టి ఇంత దగ్గర్లో అంచులన్నీ అలుక్కుపోయాయి, రంధ్రం చిన్నది చేసి ఆ మసక తగ్గించుకుందామంటే దీనికి డయాఫ్రమ్ (రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే ఏర్పాటు) ఉండదు. నల్ల అట్టకి 14 మి.మీ. రంధ్రం చేసి లెన్స్ ముందు బిగించాను, అంటే దాదాపు ఎఫ్ 11. నాకైతే మొత్తం పనిలో అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఈ అట్టముక్కే! 4 సెకన్ల ఎక్స్‌పోజర్ (పేపర్ మీద వెలుగు పడనిచ్చే సమయం) 40 సెకన్లకి పెరిగింది, అదీ మంచికే, కొట్టు లోపలి చీకటి భాగం ప్రింట్‌లో మరీ నల్లబడకుండా తీరిగ్గా చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు.

ఏప్రిల్ కదా, బాత్‌రూమ్‌లో డెవలపర్ (బొమ్మని తేల్చే రసాయనం) ట్రే కింద ఐసు నీళ్లు పెట్టుకుని, ఎర్ర లైటు కింద చూస్తూ కూర్చున్నాను. ముందు బోర్డు అక్షరాలు తేలాయి, అదీ సరైన దిక్కులోనే. కెమెరాలో కాగితం మీద అద్దంలోలా తిరగబడ్డ బొమ్మని ఈ పద్ధతిలో లెన్స్ ఇంకోసారి తిప్పుతుంది, అందుకే సరిపోయింది.

ఆరిన ప్రింట్ పట్టుకెళ్లి ఇస్తే మామయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఒరేయ్, మూలన తూకం రాళ్లు కూడా కనిపిస్తున్నాయి రా!"