“సహకరించలేదు” అన్న ఒక్క మాట

అత్తయ్య నిద్రపోయారు, చిన్నదాని పుస్తకాలకు అట్టలు వేయడం కూడా పూర్తయింది. అయినా ఉదయం మా మానసిక రోగుల వార్డు రిపోర్టు పుస్తకంలో చదివిన మాట నన్ను వదలడం లేదు. “రోగి సహకరించలేదు. మంచానికి కట్టడం జరిగింది.” రాత్రి డ్యూటీ సిస్టర్ రాసింది అంతే. ఎన్ని గంటలకు కట్టారో, ఎవరి అనుమతితో కట్టారో, మధ్యలో ఎవరైనా వెళ్లి చూశారో లేదో ఒక్క అక్షరం లేదు. విప్పింది నేనే. అప్పటికే ఆ అమ్మాయి మణికట్టు మీద గుడ్డ మడత అచ్చు పడి ఉంది.

రోగికి గాని పక్కవారికి గాని అప్పటికప్పుడు హాని జరగకుండా ఆపడానికి మరో మార్గం లేనప్పుడే కట్టాలని, దానికి సైకియాట్రిస్టు అనుమతి ఉండాలని, కారణం రికార్డులో రాయాలని, సిబ్బంది చాలరన్న ఒక్క కారణంతో అసలు కట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మా వార్డులో ఈ సంగతి తెలియనివారు లేరు. నాకు కోపం వచ్చింది అందుకే.

కట్లు విప్పగానే ఆ అమ్మాయి మంచం దిగి, ఒక కాలి మీది బరువు మరో కాలి మీదికి మార్చుకుంటూ, క్షణం నిలవకుండా, “కూర్చోమనకండి సిస్టర్, కాళ్లు నా మాట వినడం లేదు” అంది. చార్టు తిరగేస్తే రెండు రోజులుగా హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బు మందు ఇంజక్షన్లు పడుతున్నాయి. అది అకథీసియా, అంటే మందు వల్ల లోపలి నుంచి తరిమే అశాంతి. దాన్ని జబ్బు ముదరడం అనుకుని మరో ఇంజక్షన్ ఇస్తే ఇంకా పెరుగుతుంది. డాక్టరుగారు చూసి మోతాదు తగ్గించి, ఆ అశాంతి తగ్గడానికి ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. సాయంత్రం ఆమె మంచం మీద కూర్చుని పెరుగన్నం తిన్నది.

“కూర్చోమనకండి” అన్న మాటే నేను విద్యార్థినిగా పోస్టింగులో ఉన్నప్పుడు ఒక పెద్దావిడ నోట విన్నాను. ఆవిడ రాత్రంతా వరండాలో నడిచేది. పడుకోబెట్టమని నాకు చెప్పారు. మూడుసార్లు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి పడుకోబెట్టాను, నాలుగోసారి విసిగిపోయి “మాట వినడం లేదు” అని డ్యూటీ సిస్టర్‌తో చెప్పాను. ఇంకో ఇంజక్షన్ పడింది. మర్నాడు ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడినచోటే అడుగులు వేస్తోంది. గరుకు గచ్చుకు అరికాళ్లు పగిలి రక్తం కారుతున్నాయి. బేసిన్‌లో నీళ్లు పోసి కడుగుతుంటే ఆ నీళ్లలోనూ కాలివేళ్లు ఆగలేదు, నీళ్లు అంచు దాటి నా చీర మీద పడుతూనే ఉన్నాయి. వార్డు ఇన్‌ఛార్జి వచ్చి ఒక్క చూపు చూసి, “ఇది జబ్బు కాదమ్మా, మందు” అన్నారు. నేను పట్టుకున్నది ఆవిడ చెయ్యి, చూడవలసింది కాళ్లు.

ఈ టపా మొదలుపెట్టినప్పుడు ఆ సిస్టర్ మీద రేపు సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలనే అనుకున్నాను. ఇక్కడిదాకా రాశాక ఆ ఉద్దేశం మారింది. నిండిన వార్డుకు నిన్న రాత్రి ఆమె ఒక్కతే, తోడు ఒక ఆయా. కాళ్లు చూడమని ఆమెకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. సిబ్బంది చాలరని కట్టకూడదన్న మాట చట్టం ముందు ఆసుపత్రికి చెప్పింది, ఆ తరువాతే సిస్టర్‌కు. కాబట్టి నా కాగితం రాత్రి డ్యూటీకి రెండో సిస్టర్ కావాలని అడుగుతుంది.

అయినా ఆ వాక్యాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. “సహకరించలేదు” అని రాసిన తరువాత ఇక ఎవరూ ఆ మంచం దగ్గరికి వెళ్లి ఎందుకని అడగరు. నేనూ అప్పుడు అడగలేదు. రేపు ఆ సిస్టర్ డ్యూటీ దిగేలోపు ఆమెను ఆ అమ్మాయి మంచం దగ్గరికి తీసుకువెళ్లి పది నిమిషాలు కాళ్లు చూడమంటాను. చూసింది చూసినట్టు, గంటతో సహా, అదే పుస్తకంలో రాయిస్తాను.