బ్లూబర్డ్ కోసం పెట్టిన పెట్టె

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. మార్చి మధ్యకల్లా, ఇంకా అక్కడక్కడా మంచు ఉండగానే, తొర్రల్లో గూడు పెట్టుకునే చిన్న నీలిపిట్టలు, బ్లూబర్డ్‌లు, వస్తాయి. మగవి ముందుగా వచ్చి గూటికి చోటు వెతుక్కుంటాయి.

పోయినేడు వాటిని ఫొటో తీద్దామని పెరట్లోనే చెక్కపెట్టె పెట్టాను. రంధ్రం సరిగ్గా ఒకటిన్నర అంగుళం. అంతకన్నా పెద్దదైతే గోరింకల్లాంటి స్టార్లింగ్ పిట్టలు దూరతాయి. కానీ అందులో పట్టే పిట్ట ఇంకొకటుంది, మన ఊరపిచ్చుక. వారం తిరక్కుండా పెట్టె నిండా గడ్డీ, ఈకలూ.

కృష్ణా జిల్లాలో మా తాతగారు కోతలయ్యాక వరికంకులు కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసమని చూరుకు కట్టేవారు. ఇక్కడ అదే పిచ్చుక 1850లలో యూరప్ నుంచి తెచ్చి వదిలిన పిట్ట. బ్లూబర్డ్ గూట్లో దూరి పిల్లల్ని, ఒక్కోసారి తల్లిని కూడా పొడిచి చంపేస్తుంది. దాని గూడు తీసేయడానికి ఇక్కడి చట్టం అడ్డురాదు. గుడ్లు పెట్టకముందే మూడుసార్లు గడ్డి తీశాను. తీసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంది. అది మళ్లీ కట్టింది. ఆఖరికి పెట్టెనే విప్పేశాను.

ఈ ఏడు ఇళ్లకు దూరంగా, తెలిసినవాళ్ల గడ్డిమైదానంలో ఆ పెట్టెను ఇనుప గొట్టానికి ఐదడుగుల ఎత్తున బిగించాను. గూళ్లు దోచే రకూన్ అనే జంతువులు ఎక్కకుండా కింద రేకు చుట్టాను. పిచ్చుకలు మనుషుల్ని వదిలి అంత దూరం పెద్దగా రావు.

ఫొటోకి కారే చాటు. అద్దం దించి, బియ్యం పోసి కుట్టిన సంచి మీద లెన్స్ పెట్టి కూర్చునేదాన్ని. మబ్బు పట్టిన రోజుల్లో తీసినవన్నీ బూడిదరంగులో వచ్చాయి. బ్లూబర్డ్ ఈకల్లో నీలిరంగు పదార్థమే లేదు, వెలుగు చెదరడం వల్ల కనిపించే నీలం అది. అందుకని పొద్దున్నే, ఎండ నా వీపు వైపు ఉండేలా కారు ఆపడం మొదలుపెట్టాను.

ఐదో రోజు మగది పెట్టె మీద వాలింది. ఒక రెక్క పైకెత్తి ఆడదాన్ని పిలిచింది. షట్టర్ వేగం సెకనులో రెండువేలవ వంతు పెట్టినా నా చేతి వణుకుతో సగం పాడయ్యాయి. ఒక్కటి మాత్రం కుదిరింది: నీలిరెక్క, ఇటుకరంగు రొమ్ము, వెనక ఎండుగడ్డి. ఏప్రిల్‌లో ఆడది ఒక్కతే గడ్డి మోసి గూడు కట్టింది. ఐదు లేతనీలం గుడ్లు.

అమ్మకి ఫొటో పంపితే, "మరి ఆ పిచ్చుక ఎక్కడ కట్టుకుందే?" అంది.

మా గ్యారేజీ దీపం వెనకాల. దాన్ని కదపలేదని చెప్పాను.