ఎథిక్స్ కమిటీ అడిగిన ప్రశ్న

మూసీ పక్క బస్తీల్లో ఆడవాళ్లకు మందు రాసిచ్చాక కూడా బీపీ ఎందుకు తగ్గట్లేదన్నది నా పీహెచ్‌డీ అంశం. మా గైడ్ మేడమ్ మొదట చదవమన్నది వైట్‌హాల్ అధ్యయనం. 1967లో లండన్ ప్రభుత్వ ఉద్యోగులతో మొదలైంది. అందరికీ ఉద్యోగం ఉంది, జీతం ఉంది. అయినా హోదాలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ గుండె జబ్బు చావులు పెరిగాయి. అది చదివాక ఈ పని వదల్లేననిపించింది.

మనుషుల మీద పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. నా ఫైలు మొదటిసారి వెనక్కి వచ్చింది. అంగీకార పత్రంలో "పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అని రాశాను. ఒక సభ్యురాలు దాన్ని నాచేతే పైకి చదివించి, "ఇది మీ అమ్మగారికి అర్థమవుతుందా?" అన్నారు. చదువురాని వాళ్లు వేలిముద్ర వేస్తే, మాతో సంబంధం లేని సాక్షి సంతకం కూడా ఉండాలన్నారు. అవన్నీ సరిచేశాను.

రెండోసారి అడిగింది మాత్రం నన్ను నిలబెట్టేసింది. "మీరు చూసినప్పుడు ఒకామెకు బీపీ 180 ఉందనుకోండి. నంబరు రాసుకుని వచ్చేస్తారా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత బస్తీ దవాఖానా డాక్టర్‌తో మాట్లాడి, బీపీ ఎక్కువున్న వాళ్లను చీటీ ఇచ్చి అక్కడికి పంపే ఏర్పాటు చేసుకున్నాక అనుమతి వచ్చింది.

అసలు సర్వేకు ముందు చిన్నగా చేసి చూసే పైలట్ సర్వేలోనే ఒకామెకు అంత బీపీ కనిపించింది. చీటీ ఇచ్చాను. వారం తర్వాత వెళ్తే అది దేవుడి పటం వెనకే ఉంది.

"దవాఖానా దగ్గరనే కదమ్మా, పోలేదా?" అన్నాను.

"నల్లా దినం తప్పి దినం వస్తది బిడ్డా. పోయినప్పుడే వస్తే రెండు రోజులు నీళ్లుండయి. నల్లా లేని దినం పనికి పోవాలె."

నా ప్రశ్నపత్రంలో నీళ్ల గురించి ఉన్నది ఒకే ప్రశ్న: ఇంట్లో నల్లా ఉందా, లేదా? ఆమె పేరుకెదురుగా "ఉంది" అని నేనే టిక్ పెట్టాను. పేదరికం, నీళ్లు, కూలి ఒంటిని ఎలా పాడుచేస్తాయో తెలుసుకోవడానికి వచ్చినదాన్ని, అసలు విషయాన్ని ఆ టిక్ కిందే కప్పేశాను.

నల్లా ఎన్ని రోజులకోసారి, ఏ వేళకు వస్తుంది, ఎవరు కాచుకుంటారు అని మూడు ప్రశ్నలు చేర్చాను. ఏ మార్పు చేసినా మళ్లీ కమిటీకి పంపాలి. టెన్షన్ పడుతూ మూడోసారి వెళ్లాను. ఈసారి త్వరగానే ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఏ గల్లీకి వెళ్లినా ముందు నల్లా టైమ్ కనుక్కుంటున్నాను. బిందెలు నిండాకే తలుపు కొడుతున్నాను.