నేర్పించి వచ్చే సర్జన్లు
తొడ ఎముక విరిగిన మనిషిని ట్రాక్షన్‌లో చూసినవాళ్ళకి, పేద దేశాలకి వెళ్ళి అక్కడి డాక్టర్లకి ఆపరేషన్లు నేర్పించి వచ్చే సర్జన్ల గురించి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడుతుంటుంది, వారాల తరబడి వెల్లకిలా అలాగే పడుకుని ఉండాలి, వీపు మీద పుండ్లు పడతాయి, ఒక్కోసారి ఎముక వంకరగా అతుక్కుని కాలు పొట్టిదైపోతుంది, ఇంట్లో సంపాదించేది ఆ ఒక్కడే అయితే ఈలోపు అప్పులు. అదే ఆపరేషన్ చేసి ఎముక లోపల లోహపు రాడ్ వేస్తే కొద్ది రోజుల్లోనే కర్రల సాయంతో లేచి నిలబడతాడు.

ఏడాదికి దాదాపు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, అందులో పదింట తొమ్మిది మంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్ళే. చావు తప్పి కాళ్ళు విరిగినవాళ్ళు ఇంకెంతమందో.

వియత్నాం యుద్ధంలో అమెరికా ఆర్మీ సర్జన్‌గా పనిచేసిన లూయిస్ జర్కల్ తర్వాత ఆసియా దేశాలకి వెళ్ళి పాఠాలు చెప్పేవారు, అక్కడి డాక్టర్లకి పని నేర్పితే వచ్చేస్తుంది కానీ వేయడానికి రాడ్లే లేవని ఆయనకి అర్థమైంది. అందుకే 1999లో సైన్ అనే సంస్థ పెట్టారు. మామూలుగా రాడ్ కదలకుండా దాని చివరి రంధ్రంలోకి స్క్రూ వేయాలంటే సీ-ఆర్మ్ అనే, ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపించే మెషీన్‌లో చూస్తూ వేస్తారు, సైన్ రాడ్‌కి ఆ మెషీన్ అక్కర్లేదు, బయట ఒక గైడ్ బిగిస్తారు, ఎముకకి చేసిన చిన్న రంధ్రంలోంచి సన్నటి పరికరం లోపలికి పోనిచ్చి రాడ్‌లోని సందు దొరికిందా లేదా అని చేత్తోనే తెలుసుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. చేసిన ప్రతి ఆపరేషన్ ఎక్స్‌రేలు ఆన్‌లైన్‌లో పెడితే సీనియర్లు చూసి తప్పొప్పులు చెప్తారు, వాడిన రాడ్ల స్థానంలో కొత్తవి పంపిస్తారు, అంటే వెళ్ళొచ్చాక కూడా పాఠం నడుస్తూనే ఉంటుంది.

గాయపడ్డవాళ్ళకి మొదట చేయాల్సిన చికిత్స నేర్పే ప్రైమరీ ట్రామా కేర్ కోర్సు కూడా ఇలాంటిదే, 1997లో ఫిజీలో మొదలైంది. రెండు రోజులు శ్వాస, రక్తస్రావం లాంటివి ముందు ఏది చూడాలో నేర్పుతారు, ఆ తర్వాత నేర్చుకున్నవాళ్ళలోంచే కొందరిని టీచర్లుగా తయారుచేస్తారు.

రెండు వారాలకి వెళ్ళి వరుసగా ఆపరేషన్లు చేసేసి వచ్చే క్యాంపులంటే మాత్రం నాకు భయమే, వాళ్ళు ఫ్లైటెక్కాక పదో రోజున చీము పడితే ఆ కుట్లు విప్పేది ఎవరు? నా ఉద్దేశంలో వెళ్ళిన సర్జన్ టేబుల్‌కి అసిస్టెంట్ వైపు నిలబడాలి, కత్తి అక్కడి డాక్టర్ చేతిలో ఉండాలి.

ఇలా వెళ్దామనుకుంటున్న ఆర్థో (ఎముకల డాక్టర్) మిత్రులెవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి, టికెట్ బుక్ చేసేముందు అక్కడి సర్జన్‌కి ఫోన్ చేసి ఆపరేషన్ థియేటర్‌లో ఏమేం ఉన్నాయి, కరెంటు ఎన్ని గంటలుంటుంది, తనకి ఏం నేర్చుకోవాలనుంది అని అడగండి, కేసుల లిస్టు ఆ తర్వాత చూసుకోవచ్చు.