ఫార్మాట్ కొట్టేముందు ఒకసారి డిస్కు సంగతి చూడండి సామీ

మా నెల్లూరు జిల్లాలో కంప్యూటర్ స్లో అయిందంటే అందరికీ తెలిసిన మందు ఒకటే, ఫార్మాట్. ఏ షాపుకి తీసకపోయినా మొదటి మాట అదే, మనోళ్ళు గూడా ఫ్రెష్‌గా విండోస్ వేస్తే రాకెట్ లాగా పోద్దని నమ్మేస్తారు. సగం సార్లు నిజంగానే బాగవుద్ది, అదే వచ్చిన తంటా.

విడవలూరులో మా బావకి రొయ్యల మేత షాపు ఉంది. మేత, మినరల్స్, మందులు అంతా అరువు బేరమే, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయినాకే రైతు డబ్బులు కట్టేది, అప్పటిదాకా ఎవురు ఎన్ని బస్తాలు ఎత్తకపోయారో ఆ ఖాతాలన్నీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే. ఆ ట్యాలీ ఉండేది ఒక పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లో, 1 టీబీ హార్డ్‌డిస్కు. ఎండాకాలం నుంచి అది మొరాయిస్తా ఉంది. ఆన్ చేసి బయటికి పోయి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు, వచ్చినా మౌస్ కదుల్తుంది గానీ ఏది నొక్కినా ఆ గుండ్రం తిరగతానే ఉంటది, బిల్లు కొట్టే టైముకి నీలం స్క్రీన్ వచ్చి దానంతటదే రీస్టార్ట్ అవుద్ది. ఒకాయన ర్యామ్ పెంచమన్నాడంట, ఇంకొకాయన వైరస్ అన్నాడంట, ఆఖరికి అందరూ కలిసి ఫార్మాట్ అని తేల్చేశారు.

బావ ఫోన్ చేసి "ఏమబ్బయా, నువ్వొచ్చి కొడతావా, లేకపోతే నెల్లూరు పంపించేదా" అన్నాడు. నీలం స్క్రీన్ వచ్చినప్పుడు ఫోటో తీసి పెట్టు బావా అంటే వాట్సాప్‌లో పంపించాడు, కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అని ఉంది. విండోస్ ర్యామ్‌లో పట్టనివి కొన్ని డిస్కులో పేజ్ ఫైల్ అని దాచి పెట్టుకుంటది, మళ్ళీ తెచ్చుకుందామని పోతే డిస్కు ఇయ్యకపోతే వచ్చే ఎర్రర్ ఇది. ర్యామ్ చెడిపోయినా రావచ్చు, కేబుల్ లూజైనా రావచ్చు, కానీ ఇంత స్లో గూడా కలిసిందంటే నా అనుమానం డిస్కు మీదకే పోద్ది. "దాన్ని ఆపేసి గమ్మునుండు బావా, ఎవురినీ తాకనియ్యబాక, నేనొస్తుండా" అన్నా.

మీ సిస్టమ్‌లో ఇది పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్కు చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం ఉండి కింద స్పీడ్ మాత్రం కేబీల్లో పాకతా ఉందంటే, పక్కన యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు చూపిస్తుందంటే, డిస్కు పని చెయ్యట్లా, ఒకే చోట కొట్టుకుంటుంది అన్నమాట. 7200 ఆర్‌పీఎమ్ డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్ల పైచిలుకు పడుద్ది, చదవలేని సెక్టార్ (డేటా ఉండే చిన్న గడి) తగిలితే డిస్కుని చదివే హెడ్డు చుట్టు చుట్టుకీ మళ్ళీ మళ్ళీ చదవాలని చూస్తా సెకన్లకి సెకన్లు తినేస్తది, విండోస్ పాపం ఎదురు చూస్తా కూర్చుంటది. మనకేమో స్లో అయినట్టు కనపడుద్ది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లోకి పోతే డిస్క్ అనే పేరు మీద ఈవెంట్ 7 ఉంటే బ్యాడ్ బ్లాక్, 153 ఉంటే ఒకసారి అడిగితే పలక్క మళ్ళీ అడగాల్సొచ్చిందని అర్థం.

నేనైతే అసలు విండోస్‌లోకే పోలా, ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశా. విండోస్ లేచిందంటే అప్‌డేట్లు, ఇండెక్సింగ్ అని ఆ డిస్కుని కుమ్మేస్తది, అది మనకొద్దు. ముందు ట్యాలీ డేటాలో నంబరు పేరుతో ఉండే కంపెనీ ఫోల్డర్ కాపీ చేసేశా, అది చిన్నదే, ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేసింది. బావ మొహం అప్పుడు చూడాలి. తర్వాత స్మార్ట్ రిపోర్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) తీస్తే పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, 328. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిపోయిన లెక్క) సున్నా, అంటే కేబుల్ తప్పు కాదు (అది గనక పెరగతా ఉంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి, కొత్త డిస్కు కొనాల్సిన పన్లా). విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో చూసేవాళ్ళకి ఒక మాట, అందులో రా వ్యాల్యూస్ (అసలు అంకెలు) మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు లెక్కన, ఉంటాయి, ఇదే 328 అక్కడ 148 అని కనపడుద్ది, సెట్టింగ్ మార్చుకుని చూడండి. రీఅలొకేటెడ్ (చెడిపోయి వేరే చోటికి మార్చినవి), పెండింగ్, అన్‌కరెక్టబుల్ (ఇంక చదవలేనివి), ఈ మూడింట్లో ఏదైనా సున్నా దాటి పెరగతా ఉందంటే ఆ డిస్కుని ఇంక నమ్మబాకండి.

"అయితే చెక్‌డిస్క్ కొడితే బాగవదా" అన్నాడు బావ, యూట్యూబ్‌లో చూసుంటాడు. తెల్లారుజామున ఆక్సిజన్ చాలక రొయ్యలు పైకి తేలితే ఏరేటర్లు వేస్తావా మేత వేస్తావా బావా అన్నా. చెక్‌డిస్క్ విండోస్‌లోనే ఉండే డిస్కు రిపేర్ కమాండ్, దానికి స్లాష్ ఆర్ తగిలిస్తే డిస్కు మొత్తాన్ని సెక్టార్ సెక్టార్ చదివిస్తది, చావబోయే డిస్కుకి అదే ఆఖరి దెబ్బ కావచ్చు, పైగా రిపేర్ పేరుతో ఫైళ్ళని ముక్కలు చేసి సీహెచ్‌కే అని ఎక్కడో పడేస్తది. చేసుకోవాలంటే కాపీ మీద చేసుకోవాలి, అసలు దాని మీద కాదు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తదనే చిట్కా గూడా ఒకటి తిరగతా ఉంది, తేమ చేరి ఉన్నది గూడా పోద్ది, ఆ జోలికే పోబాకండి.

డిస్కు మొత్తం కాపీకి నేను వాడింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ, చెడిపోతున్న డిస్కుల్ని కాపీ చేసే సాఫ్ట్‌వేర్. దీని తెలివి ఏందంటే, బాగున్న చోటంతా ముందు గబగబా లాగేసుకుంటది, చదవలేని చోట ఆగి ఏడవదు, దాటేసి పోయి ఆఖర్న తిరిగొచ్చి చూసుకుంటది. ఎంతవరకు అయిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటా పోద్ది, కరెంటు పోయినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలు పెట్టొచ్చు, మన ఊళ్ళకి ఇంతకంటే ఏం కావాల. రాత్రంతా దాన్ని అట్టా వదిలేశాం. పొద్దున్నకి కొద్ది ఎంబీలు తప్ప అంతా వచ్చింది, ఆ పోయిన చోట పడ్డది విండోస్ ఫైళ్ళు కొన్ని, పాత పెళ్ళి వీడియో ఒకటి. ఆ వీడియో గురించి అక్క ఇప్పటికీ సణగతానే ఉంది.

మా నెల్లూరు ఎండలకే పోయింటదని బావ గట్టిగా చెప్పాడు. నేనూ అట్టానే అనుకునేవాణ్ణి గానీ 2007లో గూగుల్ వాళ్ళు తమ దగ్గరున్న లక్ష పైచిలుకు డిస్కుల లెక్కలు తీస్తే, వేడికీ డిస్కులు పోవడానికీ జనం అనుకునేంత సంబంధం కనపళ్ళా. ఇంకోటి గూడా తేలింది, పోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిల్లో ఆ ముఖ్యమైన స్మార్ట్ నంబర్లు అసలు కదల్లేదంట. అంటే నంబరు చెడ్డగా ఉంటే భయపడాలి, బాగుందని ధీమాగా ఉండకూడదు. అందుకే పాత డిస్కు బదులు కొత్త ఎస్ఎస్‌డీ (తిరిగే ప్లేట్లు లేని డిస్కు) వేసినా గూడా సాయంత్రం షాపు కట్టేటప్పుడు ట్యాలీ బ్యాకప్ ఒకటి పెన్‌డ్రైవ్‌కి, ఒకటి గూగుల్ డ్రైవ్‌కి పోయేటట్టు పెట్టా.

పాత డిస్కుని బావ పాత సామాన్లోడికి వేస్తానన్నాడు. రైతుల ఖాతాలు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే ఉండాయి గదా, కుదరదని చెప్పి స్టార్ స్క్రూలు విప్పి లోపలి ప్లేట్లు బరబరా గీకి పడేశాం. అందులో ఉండే అయస్కాంతాలు మా మేనల్లుడు ఎత్తుకుపోయి ఫ్రిజ్‌కి అంటించాడు, ఇప్పుడవి పీకడం ఎవురి వల్లా కావట్లా.