చిన్నమలై గుహ నుంచి శాంతోమ్ సమాధి దాకా

సూళ్లూరుపేట లోకల్ దిగి సెంట్రల్‌లో నీలి లైన్ మెట్రో ఎక్కితే, మధ్యలో రైలు మారకుండా లిటిల్ మౌంట్‌లో, అంటే చిన్నమలైలో, దిగొచ్చు. మనవైపు నుంచి చెన్నై వచ్చే విశ్వాసులు చాలామంది ముందు మైలాపూరులోని శాంతోమ్ గుడి చూసి, బీచ్‌కి వెళ్లి, ఓపిక మిగిలితే కొండ ఎక్కుతారు. మేం వరస తిరగేశాం. యేసు శిష్యుల్లో ఒకడు, అపొస్తలుడైన తోమా చిన్నమలైలో దాక్కున్నాడు, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద ఈటె పోటుకు ప్రాణం విడిచాడు, మైలాపూరులో సమాధి అయ్యాడు అని ఇక్కడి సంప్రదాయం. అది క్రీ.శ. 72లో జరిగిందని చెబుతారు. కష్టంలో ఉండి ప్రార్థన కోసం వచ్చేవాళ్లకు ఈ వరసే సరైనది. భయం ముందు, కొండ తర్వాత.

చిన్నమలైలో 1971 నాటి గుండ్రటి పెద్ద గుడి ముందు కనిపిస్తుంది గానీ, వెళ్లాల్సింది 1551లో పోర్చుగీసువాళ్లు కట్టిన చిన్న గుడి వైపు. గుహ అక్కడే. ద్వారం బాగా కిందికి ఉంటుంది. "అత్తా, తల వంచు, ఇంకా వంచు" అంటూనే ఉండాలి. నుదురు తగిలేది లోపలికి వెళ్లేటప్పుడు కాదు, బయటికొస్తూ తొందరపడినప్పుడు. లోపల పట్టేది కొద్దిమందే, గాలి తక్కువ. ఆయాసం ఉన్నవాళ్లను ముందుగా పంపి, ముందుగానే బయటికి తీసుకురావాలి. ఒక పక్క రాతిలో వెలుతురు వచ్చే కంత ఉంది. తరుముకొచ్చినవాళ్ల నుంచి తోమా అటుగానే తప్పించుకున్నాడని చెబుతారు. అక్కడ పెద్ద ప్రార్థనలు పెట్టుకోకుండా 57వ కీర్తన మొదటి వచనం ఒక్కటే చదివాం. దావీదు గుహలో దాగినప్పటి కీర్తన అది. "ఈ ఆపదలు తొలగిపోవువరకు" అన్న మాట వంగి నిలబడి చదివితే వేరుగా వినిపిస్తుంది. ఆపదలు తొలగాయని కాదు, తొలగేవరకు అని.

మళ్లీ మెట్రో ఎక్కి, ఆలందూరులో పచ్చ లైన్‌కు మారితే తర్వాతి స్టేషనే సెయింట్ థామస్ మౌంట్. కొండ సుమారు 300 అడుగులు. పైకి మెట్లున్నాయి. వాటిని వేయించింది పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వ్యాపారి. ఇందాక మనం దిగిన చిన్నమలై దగ్గరే, సైదాపేటలో అడయారు నది మీద 1726లో వంతెన కట్టించిందీ ఆయనే. యాత్రికుల కాళ్ల గురించి ఆలోచించిన మనిషి.

మెట్ల దారి పొడుగునా సిలువ మార్గం 14 స్థలాలున్నాయి, యేసు సిలువ శ్రమలను ఒక్కొక్కటిగా తలచుకుని ప్రార్థించే చోట్లు. చాలా జట్లు ఇక్కడే తప్పు చేస్తాయి. ఎక్కుతూ పాడతారు, ఎక్కుతూ చదువుతారు. ఐదో స్థలానికల్లా రొప్పు, పదో స్థలానికి ఎప్పుడు అయిపోతుందా అన్న చూపు. మేం నడిచేటప్పుడు మాట్లాడలేదు. ప్రతి స్థలం దగ్గర ఆగి ఒకరే చదివారు, మిగతావాళ్లు ఊపిరి తీసుకున్నారు. స్థలానికి మూడు నిమిషాలు పెట్టుకుంటే ఆగడానికే 42 నిమిషాలు పోతాయి, కాబట్టి మొత్తం గంట అనుకోండి. మనిషికి అర లీటరు నీళ్లు తీసుకెళ్లండి. పొద్దెక్కకముందే మొదలుపెట్టండి, రాయి కాలుతుంది. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. పెద్దవాళ్లను కొండమీదికి వెళ్లే కారు దారిలో పంపడం తక్కువతనమేమీ కాదు.

పైన 1523 నాటి గుడి. అది నిరీక్షణ మాత పేరిట ఉంది, పండుగ డిసెంబరు 18న. రోమా 5లో "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" అని చదువుకున్నవాళ్లకు ఆ పేరు చూడగానే మెట్లు గుర్తొస్తాయి. నిజానికి ఇక్కడ నిరీక్షణ అంటే నిండు గర్భిణి అయిన మరియ బిడ్డ కోసం ఎదురుచూపు. అదీ ఓర్పే, తొందరపెడితే జరిగేది కాదు. బలిపీఠం వెనక 1547లో తవ్వకంలో దొరికిన రాతి సిలువ ఉంది, చుట్టూ పహ్లవీ (పాత పారశీక) అక్షరాలు. 1558 డిసెంబరు 18న దాని మీద రక్తం చెమర్చిందని నమ్ముతారు. బయట నిలబడితే విమానాశ్రయం కింద పరిచినట్టుంటుంది. చదువుతుంటే విమానం మోత అడ్డం వస్తుంది, ఆగి మళ్లీ అందుకోవడమే.

శాంతోమ్‌కి ఆటో మాట్లాడుకున్నాం. 155 అడుగుల శిఖరమున్న ఇప్పటి పెద్ద గుడి (బసిలికా) 1896 నాటిది, పాత పోర్చుగీసు గుడి స్థానంలో కట్టింది. సమాధి గది భూగర్భంలో, దారి వేరుగా ఉంటుంది. ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. తోమా అస్థులు ఎక్కువ భాగం ఎప్పుడో ఎదెస్సాకు (ఇప్పటి తుర్కియేలోని పాత నగరం), అటునుంచి చివరికి ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని సంప్రదాయం. ఇక్కడ మిగిలింది చిన్న ముక్క. ఇది తెలియక వచ్చినవాళ్లు కాస్త నీరసపడతారు.

అక్కడ యోహాను 20 చదివాం. యేసు తిరిగి లేచాడంటే సందేహించిన తోమా అని అందరూ అంటారు గానీ, 26వ వచనం మీద ఎవరూ ఆగరు. ఎనిమిది దినాల తర్వాత శిష్యులు మళ్లీ లోపల ఉన్నప్పుడు "తోమా వారితోకూడ ఉండెను". నమ్మలేకపోయాడు, అయినా గది వదిలి పోలేదు.

కింద చల్లగా ఉంది. పక్కన ఒక తమిళ కుటుంబం మెల్లగా జపమాల చెప్పుకుంటోంది. మేం పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాం. ఎవరూ ఎవరినీ లేవమనలేదు.